అజంతా గుహలు: కనుగొన్నవారు, కాపాడినవారు

అజంతా పేరు వినని తెలుగువారు అరుదు. చేత కమలము ధరించి, కనులు వాల్చి నిలిచిన పద్మపాణి బొధిసత్త్వుని చిత్రమును పాఠ్యపుస్తకములలోనో, గోడ క్యాలెండరులోనో చూడనివారు అంతకంటె అరుదు. అయినను ఆ గుహల చరిత్రను "1819లో ఒక ఆంగ్ల సైనికాధికారి కనుగొనెను" అను ఒక్క వాక్యముతో ముగించుట పరిపాటియైనది. ఆ వాక్యము అసత్యము కాదు గాని, అది కథకు మొదటి పుట మాత్రమే. ఆ తరువాతి రెండువందల యేండ్లలో ఆ గుహలలో అడుగిడినవారందరును ఏదో ఒక విశేషమును వెలికి తెచ్చిరి. వారిలో పెక్కుమంది తెలిసియో తెలియకయో కొంత చెరచిరి. ద్వేషముతో చెరచినవారు కొలదిమంది, ప్రేమతో చెరచినవారే ఎక్కువమంది. ఆ చరిత్రలో హైదరాబాదు నగరమునకును, తెలుగుదేశమునకును గల భాగము చిన్నది కాదు.

నేటి మహారాష్ట్రలో, ఔరంగాబాదు (2023 నుండి ఛత్రపతి శంభాజీనగరు) పట్టణమునకు సుమారు నూరు కిలోమీటర్ల దూరమున, వాఘోరా అను చిన్న యేరు గుఱ్ఱపు నాడా ఆకారమున వంపు తిరిగి, నల్లరాతి కొండను కోసికొని పోవుచున్నది. ఆ వంపు పొడవునను, సుమారు 250 అడుగుల ఎత్తుగల కొండ చరియలో, ముప్పది గుహలు వరుసగా తొలువబడి యున్నవి. గుహలని వాడుక గాని ఇవి ప్రకృతి నిర్మించినవి కావు. ఉలితోను, సుత్తితోను మానవుడు కొండను లోపలికి తొలిచి చేసిన మందిరములు. వీనిలో 9, 10, 19, 26, 29 సంఖ్యలు గలవి చైత్యములు, అనగా స్తూపము ప్రతిష్ఠించిన ఆరాధనా మందిరములు. తక్కినవి ప్రధానముగ భిక్షువులు నివసించిన విహారములు. ఈ సంఖ్యలు కాలక్రమమును తెలుపవు. కాలిబాట మొదటి కొసనుండి వరుసగా లెక్కించి ఇచ్చినవే.

శిల్పులు పని నడిపిన తీరు అసంపూర్ణముగ నిలిచిపోయిన గుహలను చూచిన తేటపడును. 24వ గుహ ఇందుకు మంచి నిదర్శనము. కప్పుభాగమునుండి మొదలిడి క్రిందికి తొలుచుచు, స్తంభములకు కావలసిన రాతిని విడిచి, తక్కిన రాతిని బయటకు తీసిపోయుచు వచ్చిరి. పైకప్పు ముగిసిన తరువాతనే నేల ఏర్పడును. అందువలన పరంజాల అవసరము తగ్గినది. కాని పొరపాటునకు తావు లేకుండెను. ఇటుకల కట్టడములో తప్పిన వరుసను విప్పి మరల కట్టవచ్చును. కొండలో ఎక్కువగా కొట్టివేసిన రాతిని తిరిగి అతికించు ఉపాయము లేదు.

గుహలు రెండు వేర్వేరు కాలములలో తొలువబడినవి. మొదటి కాలము క్రీస్తుపూర్వము రెండవ శతాబ్దము మొదలు క్రీస్తుశకము మొదటి శతాబ్దము వరకు. 9, 10, 12, 13 సంఖ్యల గుహలును, 1956లో మట్టి తొలగించగా బయల్పడిన 15-ఎ గుహయును ఆ కాలమునకు చెందినవి. వీనిలో పదవ గుహ పెద్దది. దాదాపు ముప్పది మీటర్ల లోతు, పన్నెండు మీటర్ల వెడల్పు, ముప్పదితొమ్మిది ఎనిమిదిపలకల స్తంభములు గల చైత్యమది. దాని ముఖద్వారమును వాసిష్ఠీపుత్ర కటహాది యనువాడు దానముగ చేయించినట్లు అచటి బ్రాహ్మీ శాసనము చెప్పుచున్నది. తల్లి గోత్రముతో పేరు చెప్పుకొను ఈ ఆచారము శాతవాహనుల చరిత్ర చదివినవారికి సుపరిచితమే. ఆ గుహ గోడపై మిగిలిన షడ్దంత జాతక చిత్రములోని తలపాగాలు, కంఠహారములు, మూకుమ్మడిగ నిలిచిన జనుల తీరు చూచినవారికి సాంచీ తోరణములును, కృష్ణాతీరమందలి అమరావతి శిల్పములును స్ఫురించును. రంగులలో దక్కనులోను, పాలరాతిని పోలిన సున్నపురాతిపై అమరావతిలోను, ఒక్క సంప్రదాయమే రెండు భాషలలో పలికినట్లుండును.

పిదప మూడునాలుగు శతాబ్దములపాటు అజంతాలో క్రొత్త పని సాగినట్లు కానరాదు. రెండవ దశ క్రీస్తుశకము అయిదవ శతాబ్దపు ఉత్తరార్ధమున, వాకాటక చక్రవర్తి హరిషేణుని కాలమున విజృంభించినది. అతని మంత్రి వరాహదేవుడు పదునారవ గుహను తొలిపించెను. పదునేడవ గుహను ఒక సామంతరాజు చేయించెను. బుద్ధభద్రుడను భిక్షువు అశ్మక రాజ్యమంత్రి భవ్విరాజు స్మృతికై ఇరువదియారవ చైత్యమును అంకితము చేసెను. అందే సుమారు ఏడు మీటర్ల పొడవున శయనించియున్న బుద్ధుని మహాపరినిర్వాణ శిల్పము కలదు. ఈ పని యంతయు ఇరువదేండ్లలోనే జరిగినదని అమెరికా పండితుడు వాల్టరు స్పింక్ (1928-2019) తన జీవితకాలమంతయు వాదించెను. హరిషేణుని మరణముతో దాతలు చెదరిపోగా, శిల్పులు ఉలులు దింపి వెడలిపోయిరని ఆయన సిద్ధాంతము. అంత తక్కువ కాలమును అంగీకరింపని పండితులును కలరు. ఏది యెట్లున్నను, పని హఠాత్తుగ ఆగిపోయిన జాడలు గుహలలో పలుచోట్ల కనిపించుచున్నవి.

ఇచట తెలుగువారు గమనింపదగిన అంశములు మూడు కలవు. పదునారవ గుహ శాసనమున హరిషేణుని ప్రాభవమునకు లోనైన దేశముల పట్టికలో కుంతల, అవంతి, కళింగ, కోసల, త్రికూట, లాటములతోపాటు ఆంధ్రము పేరును గలదు. రెండవది, వాకాటక రాజకుమార్తె మన విష్ణుకుండిన వంశమునకు కోడలైనది. ఆమె కుమారుడు విక్రమేంద్రవర్మ ఉభయ వంశములకును అలంకారమని చిక్కుళ్ల తామ్రశాసనము వర్ణించుచున్నది. మూడవది, అశ్మక దేశము గోదావరీ తీరమున విస్తరించిన రాజ్యము. బౌద్ధ గ్రంథములు చెప్పు దాని రాజధాని పోతన నగరము నేటి నిజామాబాదు జిల్లాలోని బోధన్ అని పెక్కుమంది చరిత్రకారుల అభిప్రాయము. కనుక అజంతా మనకు దూరపు వింత కాదు. ఒకప్పుడు మన పొరుగింటి మందిరమే.

ఏడవ శతాబ్దమున భారతదేశ యాత్ర చేసిన చైనా పండితుడు యువాన్ చ్వాంగ్ మహారాష్ట్ర దేశపు తూర్పు సరిహద్దున, చీకటి లోయలో, కొండలో తొలిచిన సంఘారామమొకటి యున్నదనియు, దాని ద్వారమున రాతి ఏనుగులు నిలిచియున్నవనియు వ్రాసెను. అది అజంతాయే యని పలువురు భావించుచున్నారు. పదునారవ గుహకు దిగువ మెట్లచెంత నేటికిని రెండు రాతి ఏనుగులు మోకరిల్లి యున్నవి. ఆ తరువాత భిక్షువుల రాకపోకలు తగ్గి, లోయను అడవి కమ్ముకొనినది. అయితే ఆ ప్రాంతపు ప్రజలకు గుహలు తెలియనివి కావు. పశువుల కాపరులు వర్షమునకు తలదాచుకొనిరి. సాధువులు లోపల పొయ్యి పెట్టుకొనిరి. వారి పొగ చిత్రములపై మసియై నిలిచినది. గబ్బిలములు కప్పును ఆక్రమించినవి. లోకమునకు తెలియకపోవుట వేరు, ఎవరికిని తెలియకపోవుట వేరు.

1819 ఏప్రిల్ 28వ తేదీన మద్రాసు సైన్యమునకు చెందిన 28వ అశ్వికదళాధికారి జాన్ స్మిత్ వేటకై ఆ లోయలోనికి వచ్చి, ఎదుటి గట్టునుండి చెట్లనడుమ పదవ గుహ ముఖతోరణమును చూచెను. లోనికి పోయి, ఒక స్తంభముపై చిత్రించిన మూర్తి మీదనే తన పేరును, దళము పేరును, తేదీని గీకెను. ఆ గీతలు నేటికిని నిలిచియున్నవి. అయితే అవి నేటి సందర్శకుని తలకంటె ఎత్తున కనబడును. నాడు గుహలో మట్టియు శిథిలములును మనిషి ఎత్తు పేరుకొనియుండగా ఆతడు వానిపై నిలిచి గీకెను. క్రొత్తగా కనుగొన్న నిధిపై పడిన మొదటి గుర్తు ఒక గాయము. తరువాతి చరిత్రకంతకును అదియే సూచనవలె నున్నది.

వార్త వ్యాపించినది. బొంబాయి సాహిత్య సంఘమున 1822లో విలియం ఎర్స్కిన్ ఈ గుహలను ప్రస్తావించెను. 1820, 30 దశకములలో సైనికాధికారులు, వైద్యులు, యాత్రికులు ఒకరివెంట ఒకరు వచ్చిరి. చీకటిలో దివిటీలు పట్టుకొని గోడలు చూచిరి. కొందరు వివరములు శ్రద్ధగ వ్రాసికొనిరి. మరికొందరు జ్ఞాపకార్థము చిత్రముల ముక్కలను గోడనుండి ఊడదీసికొనిరి. ఊడదీసిన ముక్క మార్గమధ్యముననే పొడియైపోవుట వారికి తెలియలేదు.

అది పొడి యగుటకు కారణము చిత్రరచనా విధానములోనే యున్నది. అజంతా చిత్రములు తడి సున్నముపై వ్రాసిన ఇటలీ దేశపు భిత్తిచిత్రముల వంటివి కావు. గరుకు రాతిపై మట్టి, వరిపొట్టు, గడ్డి, నారలు కలిపిన పూత మెత్తి, దానిపై పలుచని తెల్లపూత వేసి, అది ఆరిన పిదప జిగురు కలిపిన రంగులతో చిత్రించిరి. ఎఱ్ఱమన్ను, పసుపుమన్ను, ఆకుపచ్చని ఖనిజమృత్తిక, దీపపు మసి, తెల్లని మన్ను ఇచ్చటివే. నీలిరంగునకు మాత్రము రాజావర్తమను రత్నశిలను దూరమున ఆఫ్ఘన్ పర్వతములనుండి తెప్పించిరి. రాయి మీది మట్టిపూత ఇంటి గోడవంటిదే. తేమ తగిలిన ఉబ్బును. ఎండిన పగులును. అందలి పొట్టును పురుగులు తినును. వేయిన్నర యేండ్లు అది నిలుచుటయే ఆశ్చర్యము.

ఈ ప్రమాదమును మొదట గట్టిగ చెప్పినవాడు జేమ్స్ ఫెర్గూసన్. ఆయన 1839లో గుహలను దర్శించి, 1843లో లండనులోని రాయల్ ఏషియాటిక్ సొసైటీలో దేశమందలి గుహాలయములపై వ్యాసము చదివెను. చిత్రములు నశింపకముందే నకళ్లు తీయింపవలెనని ఆ సంఘము ఈస్టిండియా కంపెనీని కోరినది. 1844లో మద్రాసు సైన్యాధికారి రాబర్టు గిల్ ఈ పనికి నియుక్తుడయ్యెను. ఆయన అజంతా గ్రామమున నివసించి, దాదాపు రెండు దశాబ్దములు పెద్ద పెద్ద తైలవర్ణ నకళ్లను సిద్ధపరచెను. అవి లండను చేరి, సిడెన్‌హామ్‌లోని క్రిస్టల్ ప్యాలెసులో ప్రదర్శింపబడుచుండగా, 1866 డిసెంబరులో జరిగిన అగ్నిప్రమాదమున నాలుగైదు తప్ప తక్కినవన్నియు భస్మమైనవి. గిల్ పని విడువలేదు. ఛాయాచిత్రములు తీసెను, మరల కుంచె పట్టెను. 1879లో మరణించిన ఆయన సమాధి భుసావలులో కలదు.

పిమ్మట బొంబాయి చిత్రకళాశాల ప్రధానాచార్యుడు జాన్ గ్రిఫిత్స్ 1872 మొదలు 1885 వరకు తన భారతీయ విద్యార్థులతో వచ్చి వందలకొలది నకళ్లు వ్రాయించెను. వానినికూడ లండనుకు పంపిరి. 1885లో సౌత్ కెన్సింగ్‌టన్ ప్రదర్శనశాలలో మంటలు చెలరేగి అనేకము నశించినవి. మిగిలినవాని ఆధారముతో 1896-97లో రెండు సంపుటములు వెలువడినవి. గ్రిఫిత్స్ శ్రమ శ్లాఘనీయము. కాని రంగులు తేటగ కనబడుటకై నకలు వ్రాయునపుడు అసలు చిత్రములపై వార్నిషు పూయించిరి. ఆ వార్నిషు కాలక్రమమున పచ్చబడి, నల్లబడి, పగిలి, తనతోపాటు రంగును పెచ్చులుగ లాగినది. ఇరువదవ శతాబ్దారంభమున జపాను చిత్రకారులు తీసికొనిపోయిన నకళ్లు సైతము 1923 నాటి మహాభూకంపమున నశించినవి. లండనులోను, టోకియోలోను నకళ్లు నశించినవి. అడవిలోని మట్టిగోడ మాత్రము నిలిచియున్నది. అసలును నిర్లక్ష్యము చేసి నకలును నమ్ముకొనరాదని మూడు మారులు ఋజువైనది.

రంగుల పని ఇట్లుండగా, అక్షరముల పని భారతీయ పండితుల చేతిలో సాగినది. బొంబాయి వైద్యుడు భావూ దాజీ 1860 దశకమున అజంతా శాసనములను చదివి ప్రకటించెను. భగవాన్‌లాల్ ఇంద్రజీ, జేమ్స్ బర్జెస్‌తో కలసి 1881లో పశ్చిమ భారత గుహాశాసనములను సంపుటముగ వెలువరించెను. వీరి కృషి వలననే గుహలకు కాలము, దాతలకు పేర్లు ఏర్పడినవి. అంతవరకు అజంతా ఒక వింత. ఆ తరువాత అది చరిత్ర.

1909-11 మధ్య శీతకాలములలో ఆంగ్ల చిత్రకారిణి క్రిస్టియానా హెరింగ్‌హామ్ నకళ్లు వ్రాయుటకై గుహలకు వచ్చెను. ఆమెకు తోడ్పడినవారిలో వంగదేశము నుండి నందలాల్ బోసు, అసిత్‌కుమార్ హల్దారు, సమరేంద్రనాథ గుప్త, మైసూరు నుండి వెంకటప్ప, హైదరాబాదు నుండి సయ్యద్ అహమ్మద్, ఫజలుద్దీన్ ఉండిరి. ఆ యువకులకు అదియొక పాఠశాల. వారు నేర్చిన రేఖలు తరువాత భారతీయ నవ్యచిత్రకళకు ప్రాణము పోసినవి. వారి నకళ్లతో కూడిన గ్రంథము 1915లో వెలువడినది.

నాటికి అజంతా నిజాము రాజ్యములోనిది. 1914లో హైదరాబాదున పురావస్తుశాఖ నెలకొల్పబడగా, గులాం యజ్దానీ దాని మొదటి అధ్యక్షుడయ్యెను. ఆయన చేపట్టిన మొదటి విధి క్రొత్త నకళ్లు వ్రాయించుట కాదు, ఉన్న గోడలను నిలుపుట. 1920-22 మధ్య ఇటలీ నుండి చెక్కోనీ, ఓర్సీనీ అను నిపుణులను రప్పించిరి. వారు వదులైన పూత అంచులను గోడకు అతికించి, పాత వార్నిషును కొంత తొలగించి, రాలిపోనున్న చిత్రములను నిలిపిరి. అయితే వారు రక్షణకై పూసిన లక్క వార్నిషును కాలక్రమమున మసకబారి, ధూళిని పట్టుకొనినది. ఆనాటి శాస్త్రజ్ఞానమునకు అదియే ఉత్తమ మార్గము. నేటి వైద్యము రేపటి రోగము కావచ్చునను వినయము పురావస్తు రక్షకులకు అజంతా నేర్పిన పాఠము.

యజ్దానీ సంపాదకత్వమున "అజంతా" గ్రంథము నాలుగు భాగములుగ 1930, 1933, 1946, 1955 సంవత్సరములలో వెలువడినది. పదునారవ గుహలోని వాకాటక శాసనమునకు మిరాశీ పండితుని పరిష్కరణను 1941లో హైదరాబాదు పురావస్తుశాఖయే ప్రచురించినది. ఆ శాఖ చిత్రకారులు వ్రాసిన నకళ్లను హైదరాబాదు పబ్లిక్ గార్డెన్సులోని ప్రదర్శనశాలలో చూడవచ్చును. ఒక రాజ్యము అస్తమించినను, అది నియమించిన ఉద్యోగుల శ్రద్ధ మిగిలినది. ఫైళ్లతోను, అంచనాలతోను, వార్షిక నివేదికలతోను ఒక కళాఖండము బ్రదుకగలదనుటకు ఇంతకంటె నిదర్శనము వేరొకటి యవసరము లేదు.

స్వాతంత్ర్యానంతరము గుహల రక్షణ భారత పురావస్తుశాఖ వహించినది. 1956లో రాష్ట్రముల పునర్విభజనతో ఆ ప్రాంతము బొంబాయి రాష్ట్రమునకును, 1960లో మహారాష్ట్రమునకును చెందినది. 1983లో అజంతాను ప్రపంచ వారసత్వ సంపదగ యునెస్కో ప్రకటించినది. 1990 దశకమున బినయ్ బెహల్, కన్ను చెదరగొట్టు మెరుపుదీపము లేకయే, అతి తక్కువ వెలుతురున దీర్ఘకాలము ఛాయాగ్రాహకమును తెరచియుంచి, చిత్రముల నిజమైన రంగులను పట్టగలిగెను. 1999 తరువాత పురావస్తుశాఖ రసాయనజ్ఞులు 9, 10 గుహలలో మసిని, పాత వార్నిషును, మట్టిని అంగుళము వెంట అంగుళముగ తొలగించిరి. చీకటి మరకలుగ తోచిన చోట్ల రెండువేల యేండ్లనాటి ముఖములు తిరిగి కనబడినవి. 1819లో స్మిత్ ఎవరి చెంత నిలిచెనో, వారిని సరిగ చూచుటకు దాదాపు రెండువందల యేండ్లు పట్టినది.

ఇట్టి కథ తెలుగుదేశమునకు క్రొత్త కాదు. 1797-98 ప్రాంతమున అమరావతి దిబ్బ కోలిన్ మెకంజీ దృష్టికి వచ్చునాటికే దాని రాళ్లు ఇండ్లకును, కోనేళ్లకును తరలిపోవుచుండెను. మిగిలిన శిల్పములు మద్రాసు, లండను ప్రదర్శనశాలలకు చేరినవి. మహాచైత్యముండిన చోట నేడు పునాది మాత్రము మిగిలినది. అజంతా చిత్రములను కొండనుండి విడదీయుట సాధ్యము కాలేదు కనుకనే అవి దక్కినవి. ఏలూరు సమీపమున గుంటుపల్లిలో కొండను తొలిచి, కొయ్య వాసముల కప్పును రాతిలో దింపిన వర్తులాకార చైత్యమును, అనకాపల్లి చెంత శంకరము కొండయు మన యింటి అజంతాలే. వానిని చూచువారు కొలదిమంది. గోడలపై పేర్లు చెక్కువారు మాత్రము ఎచ్చటను తక్కువ కారు.

కేంద్ర ప్రభుత్వోద్యోగులకు సెలవు ప్రయాణ సౌకర్యము కలదు. ఉత్తరదేశమునుండి స్వగ్రామమునకు వచ్చిపోవు కుటుంబములలో కొన్ని భుసావల్, జలగావ్ స్టేషనులను దాటుచుండును. జలగావులో దిగిన అజంతా అరువది కిలోమీటర్లు మాత్రమే. సోమవారము గుహలు మూసియుండును. తక్కిన దినములలో ఒకటి రెండు గంటలు గాక పూర్తి పగలు కేటాయించుట మేలు. కన్ను చీకటికి అలవాటు పడుటకే కొంత సమయము కావలెను. గోడను తాకరాదు, మెరుపుదీపము వెలిగింపరాదు, ఒకే గుహలో గుంపుగ నిలువరాదు అను నిబంధనలు కాపలాదారుల కాఠిన్యము వలన పుట్టినవి కావు. మానవుల ఊపిరిలోని తేమయే ఆ మట్టిపూతకు శత్రువు. పిల్లలకు ఈ సంగతి ముందే చెప్పి తీసికొనిపోయిన, వారు పదవ గుహ స్తంభముపై స్మిత్ గీకిన గీతలను చూచి తల్లిదండ్రులను ప్రశ్నింతురు. ఆ ప్రశ్నకు సమాధానముగ ఈ రెండువందల యేండ్ల కథను చెప్పవచ్చును.